ఓపల్ పూలమడి

మా వదిన వెర్లా ఆ మడి పక్కన మోకాళ్ళ మీద వంగి మట్టిలోకి చూస్తూ ఉంటే నాకు ఒళ్ళు మండేది. నిజానికి అది భయం. నాకు భయం వేస్తే అది కోపంగానే బయటికి వస్తుంది. కావాలంటే మా ఆయన క్లెల్‌ని అడగండి, కథలు కథలుగా చెప్తాడు.

జూన్ సగం దాటింది. పక్క మళ్ళలో చిక్కుడు తీగలు కర్రల చివర దాకా పాకాయి. బంగాళాదుంప పూతకొచ్చింది. కంచె పక్కనున్న ఆ ఒక్క మడి మాత్రం తుడిచి పెట్టినట్టు ఉంది. రోజూ పొద్దున్నే నేను వాళ్ళ దొడ్లోకి వెళ్ళడం, "ఏమైనా కనబడిందా వదినా?" అనడం, ఆవిడ తల అడ్డంగా ఊపడం. ఇదే వరస.

ఆ మడిలో వచ్చేవి నాచుగులాబీలు. నేలబారుగా పాకుతాయి. ఆకులు సూదుల్లా ఉంటాయి. మంచి ఎండ కాస్తేనే పువ్వు విచ్చుకుంటుంది, కాస్త మబ్బు పడితే మూతి ముడుచుకుంటుంది. మా కొండల్లో మొదటి మంచు పడిందంటే ఒక్క పూటలో మొక్కంతా కుళ్ళి నీరైపోతుంది. కానీ అప్పటికే విత్తనం నేలమీద రాలి ఉంటుంది, బూడిద నలుసంత విత్తనం. చలికాలమంతా మంచు కింద పడుకుని, మళ్ళీ నేల బాగా వేడెక్కాక తనంతట తానే లేస్తుంది. మిగతా మొక్కలన్నీ ఏప్రిల్లో తొందరపడుతుంటే ఇది మాత్రం జూన్ వచ్చేదాకా మొహం చూపించదు. తెలియనివాళ్ళ కంటికి అప్పటిదాకా అది ఉత్త బోడినేల.

మొదట చల్లింది ఓపల్, వెర్లా కూతురు. ఎవరో ఇచ్చిన చిటికెడు విత్తనాలు తెచ్చి కంచె పక్కన విసిరింది. ఎర్రవి, పచ్చవి, నారింజవి, రకరకాలు వచ్చాయి. అన్నీ పీకి పారేసి ఒక్క రకం ఉంచుకునేది. తెల్లటి రేకుల మీద బీట్‌రూట్ రసం చిలకరించినట్టుండేవి.

"మిగతావేం పాపం చేశాయే?" అని అడిగాను ఒకసారి.

"అవి అందరి దగ్గరా ఉన్నాయత్తా," అంది.

అలా ఏటా పీకగా పీకగా ఆ మడిలో చుక్కల పూలే మిగిలాయి. లోయలో ఇంకెవరి దొడ్లోనూ ఆ రకం లేదు.

ఏళ్ళ కిందట ఒకరోజు ఓపల్ బడి నుంచి వస్తుంటే వాగు పొంగింది. పట్టపగలు, చూస్తుండగానే కొండ మీది నీళ్ళన్నీ ఒక్కసారి దిగాయి. పిల్ల మీదుండగానే కర్రవంతెన అవతలి కొస ఊడిపోయింది. ఇవతలి గట్టున ఓర్విల్ అనే పక్కింటాయన ఒక చేత్తో గుంజ పట్టుకుని, రెండో చేత్తో ఓపల్ గౌను చెయ్యి పట్టుకున్నాడు. చాలాసేపు పట్టుకున్నాడని చూసినవాళ్ళు చెప్పారు. తర్వాత అతని చేతిలో గుడ్డ మిగిలింది, పిల్ల మిగల్లేదు. నది దాకా వెతికారు, నది దాటి పక్క జిల్లా దాకా వెతికారు. దొరకలేదు. పూడ్చడానికి ఏమీ లేదు కాబట్టి సమాధి కూడా లేదు.

తర్వాతి వేసవిలో ఆ మడి మొలిచింది. ఎవరూ చల్లలేదు, ఎవరూ నీళ్ళు పొయ్యలేదు. చుక్కల పూలు విచ్చుకున్న రోజు వెర్లా వాటి పక్కన కూర్చుని మొదటిసారి కడుపునిండా అన్నం తింది. అప్పట్నించి ఆవిడ ఆ మడిని ముట్టుకోలేదు. విత్తనాలు దాచలేదు, చల్లలేదు. "అది తనంతట తానే వస్తుంది. నేను పిలవాలేంటి?" అనేది. పూలు అన్నదో, ఓపల్ అన్నదో, నేనెప్పుడూ అడగలేదు.

ఓర్విల్‌తో మాత్రం మళ్ళీ మాట్లాడలేదు. ఒకసారి అతను పిడికిలి బిగించుకుని మా వదిన గేటు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఆవిడ పార ఎత్తింది. "ఇంకొక్క అడుగు వేశావంటే నీ తల రెండు చెక్కలు చేస్తాను," అంది. అతను తిరిగి వెళ్ళిపోయాడు. మొన్న చలికాలంలో పోయాడు పాపం. సమాధుల తోట వెర్లా దొడ్డికి సరిగ్గా పైనున్న గట్టు మీదే ఉంది. లోయలో ఉన్నవాళ్ళంతా ఆవిడ కంచె పక్కనుంచే నడిచి వెళ్ళారు. ఆవిడ కిటికీ తెర కూడా తియ్యలేదు. తన బిడ్డ లేని ఆ గట్టు ఎక్కాల్సిన పని తనకు లేదనేది.

ఇక ఈ ఏడు మే నెలలో వెర్లాకి పిత్తాశయంలో రాళ్ళని పట్నంలో ఆపరేషన్ చేశారు. ఆవిడ తిరిగొచ్చేసరికి ఏటా మా వాళ్ళ సమాధులు బాగుచేసి పూలు పెట్టే సమాధుల ఆదివారం కూడా అయిపోయింది. ఆ నెలంతా వాన, పొగమంచు. పొయ్యి ఆర్పిన పాపాన పోలేదు ఎవరూ. అందుకే మొదట్లో నేనూ ధైర్యంగానే ఉన్నాను.

"చలి మనల్ని పట్టినట్టే విత్తనాన్నీ పట్టిందిలే. నేల వెచ్చబడితే అవే వస్తాయి," అన్నాను.

ఆవిడ మడిలోంచి చారెడు మట్టి తీసి వేళ్ళ మధ్య నలిపింది. "మట్టి చేతికి కొత్తగా ఉందే డెల్లా. జారిపోతోంది."

"నెల్లాళ్ళ వాన కురిస్తే పై మట్టి కొట్టుకుపోయి ఇసక తేలదా? ఇప్పుడు మట్టి కూడా నీతో పలకడం లేదంటావా ఏంటి?"

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

జూన్ ఆఖరుకి ఎండ ముదిరింది. అందరి దొడ్లలోనూ ఎర్రవీ పచ్చవీ నాచుగులాబీలు మొలకెత్తాయి. వెర్లా మడిలో గడ్డి మొలిచింది, గడ్డి తప్ప ఇంకేం మొలవలేదు. ఆవిడకి పిచ్చి పట్టినంత పనైంది. పాత కిటికీ అద్దాలు తెచ్చి మడి మీద పరిచింది. వాగులోంచి నల్ల పలకరాళ్ళు మోసుకొచ్చి చుట్టూ పేర్చింది, పొట్ట మీద కుట్లు ఇంకా పచ్చిగా ఉండగానే. చలిగాలి వీచిన సాయంత్రం ఆ రాళ్ళు పొయ్యిలో కాల్చి తెచ్చి మళ్ళీ పేర్చింది. పైన ఓపల్ బొంత కప్పింది. బీరువాలోంచి దాన్ని ఎవర్నీ తియ్యనిచ్చేది కాదు.

తిండి మానేసింది. నేను బీన్స్ ఉడకబెట్టి, మొక్కజొన్న రొట్టె చేసి తీసుకెళితే గిన్నె అలాగే ఉండేది.

"ఇలా అయితే కుట్లు మానవు వదినా. చస్తావు."

"అది వచ్చే ఉంటుందే," అంది నా వైపు చూడకుండా. "నేను ఆస్పత్రిలో ఉన్నప్పుడే వచ్చి చూసుంటుంది. ఇంట్లో దీపం లేదు, పొయ్యిలో పొగ లేదు. అమ్మ లేదనుకుని వెళ్ళిపోయింది."

"పూలు అలా ఆలోచిస్తాయా?"

"పూల మాట ఎవరు చెప్పారు నీకు?"

నేను గిన్నె తీసుకుని ఇంటికొచ్చేశాను.

మర్నాడు నేను కొట్టుకెళ్ళి నాచుగులాబీ విత్తనాల పొట్లం కొన్నాను. వెర్లా లోపల పడుకుని ఉన్నప్పుడు చల్లేద్దాం, రెండు వారాల్లో ఏదో ఒకటి మొలుస్తుంది, ఆవిడ రెండు మెతుకులు తింటుంది, తర్వాత సంగతి తర్వాత చూసుకోవచ్చు అనుకున్నాను. మడి దగ్గర వంగి పొట్లం చింపానో లేదో వెనకాల తలుపు చప్పుడైంది.

"ఏం చేస్తున్నావే?"

"కలుపు తీస్తున్నా."

"ఆ చేతిలోదేంటి?"

దాచడానికి లేదు. చూపించాను. ఆవిడ నా చేతిలోంచి పొట్లం లాక్కుని కంచె అవతలికి విసిరేసింది. అరుస్తుందనుకున్నాను. అరిచి ఉంటే బాగుండేది. గుమ్మంలో చతికిలబడి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.

"పరాయి పిల్లని తెచ్చి నా మంచం మీద పడుకోబెడతావా డెల్లా? నాకు తెలీదనుకున్నావా? దాని మొహం నాకు తెలీదా? అది రాకపోతే నేను ఇంకెందుకు? ఈ వేసవి దాటి నేనెందుకు బతకాలి, చెప్పు."

ఆ మాట మా వదిన ఊరికే అనే మనిషి కాదు. నేను ఆవిడ పక్కన కూర్చుని ఆవిడ భుజాలు పట్టుకున్నాను. బట్టల కింద ఎముకలు తగిలాయి.

జూలై సగానికొచ్చాక ఒక మధ్యాహ్నం క్లెల్ కలప పని నుంచి ఇంటికొచ్చాడు. వారమంతా కొండల్లోనే ఉంటాడు, ఆదివారాలు మాత్రం ఇంటిపట్టున. మజ్జిగ గ్లాసు చేతికిచ్చి, "మీ అక్క మనకి దక్కేలా లేదు," అన్నాను.

"ఆపరేషన్ బాగా అయిందన్నారు కదా?"

"ఆపరేషన్ కాదయ్యా, ఆ మడి! ఓపల్ మడి! మొలవలేదని మీ అక్క చావడానికి సిద్ధమైందని నెల రోజుల్నుంచీ చెప్తున్నాను కదా!"

"నువ్వు రోజూ ఏదో ఒకటి చెప్తూనే ఉంటావు కదే," అని తాగబోయి ఆగాడు. "ఏ మడి?"

"కంచె పక్కది."

"ఆ ఖాళీ మడా?"

మా ఆయన మొహం పాలిపోయింది. గ్లాసు బల్ల మీద పెట్టాడు. నాకు ఆ మొహం తెలుసు.

"ఏం చేశావు?"

"అక్క ఏటా విత్తనాలు చల్లుతుందనుకున్నానే. అవి వాటంతటవే వస్తాయని నాకేం తెలుసు..."

"ఏం చేశావయ్యా?"

సంగతేంటంటే, చలికాలంలో పూడ్చిన సమాధి వసంతంలో కుంగిపోతుంది. సమాధుల ఆదివారానికి ముందే దాన్ని మళ్ళీ ఎత్తు చేసి, గడ్డి పరక లేకుండా గీకి, నున్నగా దిద్దాలి. కుంగిన సమాధి ఉంటే మా లోయకే తలవంపులు. సమాధుల తోటలోని మట్టి దానికి వాడకూడదు, అది పక్కవాళ్ళ సొత్తు. బంకమట్టి గడ్డలు వెయ్యకూడదు. దగ్గర్లో ఎవరి దొడ్లోనో ఖాళీగా ఉన్న మెత్తటి మట్టి తెచ్చి పోస్తారు. ఈ ఏడు ఆ పని క్లెల్ మీద పడింది. కుంగిన సమాధి ఒక్కటే.

"ఓర్విల్‌ది," అన్నాడు క్లెల్ నేలచూపులు చూస్తూ. "గట్టు కిందే అక్క దొడ్డి. మే నెల్లో ఆ మడిలో మొక్కంటూ లేదు. అక్కని అడిగితే ఓర్విల్ మీద చిటికెడు మట్టి కూడా పడనివ్వదు, నీకూ తెలుసు. అందుకని ఆస్పత్రిలో ఉన్నప్పుడే పైనపైన గీకి ఒంటిచక్రం బండిలో తోలుకెళ్ళాను. వాగు ఒండ్రు తెచ్చి మడిలో సరిచేశాను, తెలీకుండా."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ఎవరి మట్టి తీసుకెళ్ళి ఎవరి మీద పోశావో తెలుస్తోందా నీకు?" అని అరిచాను. ఇంకా చాలా అన్నాను, అవన్నీ రాయదగ్గ మాటలు కావు. ఆ పిల్లని భుజం మీద ఎక్కించుకుని ఊరంతా తిప్పినవాడు ఆయనే. కళ్ళు తుడుచుకుంటుంటే చూసి నోరు మూసుకున్నాను.

"పద. నీ నోటితో నువ్వే చెప్పాలి," అన్నాను.

చెప్పాడు. వెర్లా గుమ్మంలో కూర్చునే విన్నది. పూర్తిగా విన్నాక ఒకటే అడిగింది.

"ఎవరి మీద?"

"అక్కా..."

"ఎవరి మీద పోశావురా?"

"ఓర్విల్ మీద."

ఆవిడ లేచి, గోడకి ఆనించి ఉన్న పార తీసుకుంది. రెండో చేత్తో బాల్చీ తీసుకుంది. నిన్నటిదాకా మంచం దిగితే తూలిన మనిషి ఆ గట్టు ఎక్కుతుంటే నేను అందుకోలేకపోయాను. "వదినా, ఆగు, కుట్లు!" అని వెనకాల నేను. నా వెనకాల క్లెల్, టోపీ చేత్తో పట్టుకుని.

ఓర్విల్ సమాధి గట్టుకి అవతలి పక్క ఉంది, దక్షిణం ఎండ నేరుగా కొట్టే చోట. పైకెక్కి చూసేసరికి నా కాళ్ళు ఆగిపోయాయి. సమాధంతా పూలు. తెల్లటి రేకుల మీద బీట్‌రూట్ రంగు చుక్కలు, తల దగ్గర్నించి కాళ్ళ దాకా సందు లేకుండా పరుచుకుని, నడినెత్తి ఎండలో ఒక్కొక్కటీ పూర్తిగా విచ్చుకుని ఉన్నాయి. పక్కన చిన్న ముక్కాలి పీట వేసుకుని ఓర్విల్ భార్య నెట్టీ కూర్చుని ఉంది.

నెట్టీ వెర్లాని చూసి లేచి నిలబడింది. చేతిలో పార కూడా చూసింది.

"ఎవరు నాటారో తెలీదు వెర్లా. నేనైతే నాటలేదు," అంది. ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరి మధ్యా అదే మొదటి మాట. "వాటంతటవే వచ్చాయి. ఎవరికీ చెప్పలేదు నేను. చెప్తే పోతాయేమోనని భయం."

"ఇది నా మట్టి," అంది వెర్లా.

"ఏంటి?"

"నా మట్టి నెట్టీ. నా దొడ్లోది. ఇది నా ఓపల్." అంటూనే పార దించింది. ఒక పారెడు మట్టి, దాని మీద వేళ్ళాడుతున్న మొక్కలతో సహా, బాల్చీలో పడింది. అంత దుమ్ములోనూ పూలు విచ్చుకునే ఉన్నాయి. రెండోసారి పార ఎత్తింది.

క్లెల్ ముందుకి అడుగేస్తే నేను చొక్కా పట్టుకుని లాగాను. నెట్టీ కూడా అడ్డం రాలేదు. వెనక్కి జరిగి చోటిచ్చింది.

"తీసుకో," అంది. "నీదైతే నీదే. అంతా తీసుకో. మరీ లోతుకి పోకు, అంతే. ఆయన కోటు జేబులో కూడా నీదే ఒకటుంది."

పార గాల్లోనే ఆగింది.

"ఏముంది?"

"ఆ గుడ్డ. గౌను చెయ్యి. నీకిద్దామని ఒకరోజు గేటు దాకా వచ్చాడు. నువ్వు పార ఎత్తావంట. తర్వాత మళ్ళీ రావడానికి ధైర్యం చాల్లేదు. రోజూ తలగడ కింద పెట్టుకునేవాడు. నిద్రలో 'పట్టుకున్నా, పట్టుకున్నా' అని అరిచేవాడు. పోయేముందు, జేబులో పెట్టి పూడ్చమన్నాడు. పెట్టాను. నిన్నడగాల్సింది, నాకు తెలుసు. నేనూ భయపడ్డాను."

వెర్లా పార మీద బరువు వేసి నిలబడింది. తర్వాత మోకాళ్ళ మీద కూలింది. నేను పరిగెత్తాను. కుట్లు ఊడాయనుకున్నాను.

"ఆ గౌను నేనే కుట్టాను," అంది. నాతో కాదు, నెట్టీతో. "పచ్చ పూల గుడ్డ. భుజం దగ్గర ఒక వరసే కుట్టాను. రెండో వరస వేద్దాం, వేద్దాం అనుకుంటూనే బడికి పంపేశాను. వేసుంటే చిరిగేది కాదు. ఆయన పట్టు వదల్లేదే నెట్టీ. నా కుట్టే వదిలేసింది."

ఇన్నేళ్ళలో ఆ మాట మా వదిన నోట నేను వినలేదు. ఒకే కంచంలో తిన్నదాన్ని, ఒకే బావి నీళ్ళు తోడుకున్నదాన్ని. నాకే చెప్పలేదు. ఓర్విల్ మీద ఎత్తిన ఆ పార అసలు ఎవరి మీద ఎత్తిందో నాకు అప్పుడు అర్థమైంది.

నెట్టీ కూడా నేల మీద కూర్చుంది. ఇద్దరి మధ్యా బాల్చీ. ఎవరూ ఎవర్నీ ముట్టుకోలేదు, ఎవరూ ఎవర్నీ ఓదార్చలేదు. వెర్లా ఏడుపు గట్టంతా వినబడింది. క్లెల్ దూరంగా వెళ్ళి ఒక చెట్టుకి మొహం ఆనించి నిలబడ్డాడు.

ఏడుపు నిలిచాక వెర్లా బాల్చీ దగ్గరికి లాక్కుంది. అందులో మట్టి చేతుల్తోనే తీసి, తవ్విన గుంటలో పోసింది. మొక్కల వేళ్ళు విడదీసి ఒక్కొక్కటే నిలబెట్టి, చుట్టూ మట్టి సర్ది, అరచేత్తో నొక్కింది. ఇన్నేళ్ళూ ఆ పూలని ముట్టుకోని చేతులు. పని చెయ్యడంలో మాత్రం కొత్తేం లేదు. నెట్టీ తన సీసాలోంచి నీళ్ళు పోసింది.

అప్పుడే మబ్బొకటి ఎండకి అడ్డమొచ్చింది. సమాధి మీద పూలన్నీ ఒక్కొక్కటే ముడుచుకోవడం మొదలుపెట్టాయి. వెర్లా పూలని కాదు, వాటి కిందనున్న మట్టిని చూస్తోంది.

"నెట్టీ."

"చెప్పు."

"నేను ఆయన్ని క్షమించానని అనుకోకు. నాకింకా చాతకావడం లేదు."

"సరే."

"కానీ ఆయనతో చెప్పు. నా పిల్ల ఆయన దగ్గరే ఉంది. ఈసారి వదలొద్దని చెప్పు."

నెట్టీ తల ఊపింది. నేను మా వదిన చంకలో చెయ్యి వేసి లేపాను. ఖాళీ బాల్చీ క్లెల్ అందుకున్నాడు. గట్టు దిగుతుంటే ఆవిడ ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది. మబ్బు ఇంకా తొలగలేదు. పూలు ముడుచుకునే ఉన్నాయి. "రేపు ఎండ కాస్తే మళ్ళీ ఎక్కి వద్దాం," అంది. ఇంటికెళ్ళాక సగం రొట్టె తింది.